యున్‌రూ కంప్యూటర్‌కి వేడి చేసింది

చియాయీ ఊళ్ళో టర్కీకోడి అన్నం అమ్మే కొట్లు వీధికి మూడో నాలుగో ఉంటాయి. వాటిలో లాయ్ తియెన్‌ఫూ కొట్టు పేరుమోసిందీ కాదు, తీసిపారేసేదీ కాదు. యజమాని కూడా అలాంటివాడే. ఎవరితోనూ గొడవ పడడు, ఎవరికీ ఎదురు చెప్పడు. గిన్నెలో అన్నం, దాని మీద చీల్చిన మాంసం, పైన గరిటెడు వేడి కొవ్వు వేసి ముందుకి తోస్తాడు. "బావుందా?" అని కూడా అడగడు. కింద ముందు వైపు కొట్టు, వెనక పోయిన పెద్దల పేర్లు పెట్టి కొలిచే పీఠం ఉన్న హాలు, పైన గదులు. ఇల్లంతా కోడికొవ్వు వాసన గోడల్లోకి ఇంకిపోయి ఉంటుంది.

చలికాలంలో ఆయన కూతురు యున్‌రూ స్కూటర్ మీద వెళ్తూ లారీ కింద పడి చనిపోయింది. ముప్పై నిండలేదు. పెళ్ళి కాలేదు. ఏడుపు ఒకెత్తయితే ఈ పెళ్ళి కాకపోవడం మరో ఎత్తయి ఆ ఇంటి నెత్తిన కూర్చుంది. ఎందుకంటే పెళ్ళికాని ఆడపిల్లకి పుట్టింటి పీఠం మీద చోటుండదు. ఆడదాని పేరు మొగుడింటి పెద్దల పక్కన నిలబడాలి. మొగుడే లేకపోతే నిలబడడానికి ఇల్లే లేదు. ఊరవతల కన్యల గుడిలో పేరు రాసిన చెక్క ఒకటి పెట్టి, దణ్ణం పెట్టి వచ్చేయాలి.

ఆ మాట తేల్చి చెప్పింది తియెన్‌ఫూ తల్లి. ఎనభై దాటిన మనిషి. ఆ పీఠాన్ని పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి తుడుస్తూ, పళ్ళు పెడుతూ, ఒక్క పూట తప్పకుండా నడిపిస్తున్న మనిషి. "ఆనవాయితీ అంటే ఆనవాయితీరా. మనకి నచ్చినప్పుడు ఒకలా, నచ్చనప్పుడు ఒకలా ఉంటుందా?" అంది. తియెన్‌ఫూ తలూపాడు. తలూపడం తప్ప ఆయనకి వచ్చిందేముంది? కానీ అలా తలూపినందుకు తనని తాను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఇక ఇంట్లో యున్‌రూకి మిగిలింది ఒకే ఒక్క చోటు. మేడ మీద ఆమె గది, ఆ గదిలో బల్ల కింద గుడ్డిగా వెలుగుతూ ఉన్న ఆమె కంప్యూటర్.

యున్‌రూ పెళ్ళి వీడియోలు కత్తిరించి అతికించే పని చేసేది. పని బరువు ఎక్కువ కాబట్టి మెషీన్ రాత్రంతా తిరిగేది, అందుకే అది నిద్రపోకుండా పెట్టుకుంది. ఆ రోజు కూడా అలాగే వదిలేసి, "నూడుల్స్ తెచ్చుకుని వస్తా" అని బయటికి వెళ్ళింది. తెర మీద ఎవరో పెళ్ళికూతురు తల్లిదండ్రుల ముందు మోకరిల్లి దణ్ణం పెడుతూ అలాగే ఆగిపోయింది. యున్‌రూ స్నేహితుడు బోయెన్ అంత్యక్రియలకి వచ్చినప్పుడే చెప్పాడు. "బాబాయ్, దాన్ని ఆపకండి. ఆపితే మళ్ళీ పాస్‌వర్డ్ అడుగుతుంది. లోపలున్నదంతా తాళం వేసినట్టే. పగలగొట్టినా రాదు." పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. ఫోను లారీ కింద నుజ్జయిపోయింది. చిన్నప్పటి ఫోటోలు ఆల్బంలో ఉన్నాయి గానీ, పెద్దయ్యాక తీసుకున్నవి, ఆమె నవ్వు, ఆమె గొంతు, అన్నీ ఆ డబ్బాలోనే.

"నేను వేరే డిస్కులోకి ఎక్కించి ఇస్తా" అన్నాడు బోయెన్ అప్పుడే. తియెన్‌ఫూ ఇప్పుడు కాదులే అన్నాడు. మళ్ళీ ఫోన్ చేస్తే కొట్టు పని ఉందన్నాడు. అసలు సంగతి అది కాదు. లోపలిదంతా తీసేసుకుంటే, ఇక దాన్ని ఆపేయొచ్చుగా అంటారు ఎవరో ఒకరు. ఆ మాట వినే ఓపిక ఆయనకి లేదు.

రోజూ తెల్లారకముందే, కొట్టు తీసే ముందు, ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని మేడెక్కేవాడు. టీ కప్పులో బియ్యం పోసి, అందులో ఒక్క అగరొత్తి గుచ్చి, కంప్యూటర్ ముందు నేల మీద పెట్టేవాడు. తల్లికి తెలిస్తే ఊరుకోదు. పెళ్ళానికి తెలిస్తే ఏడుస్తుంది. అందుకని ఎవరికీ చెప్పలేదు. మొదటి రోజే ఒక వింత చూశాడు. పొగ అటూ ఇటూ చెదరలేదు. దారం పట్టుకుని లాగినట్టు తిన్నగా డబ్బా ముందున్న కన్నాల్లోంచి లోపలికి వెళ్ళిపోయింది. తియెన్‌ఫూ నేల మీద చతికిలబడ్డాడు. తీసుకుంటోంది. పిల్ల తీసుకుంటోంది. పీఠం లేకపోయినా, గుడి దూరమైనా, నాన్న పెట్టింది తీసుకుంటోంది. ఆ రోజు కొట్లో అన్నం గిన్నెల్లో కొవ్వు రెండేసి గరిటెలు పడింది.

ఎండలు ముదిరేసరికి డబ్బా అరవడం మొదలుపెట్టింది. ముందు సన్నగా, తర్వాత గదంతా గొల్లుమనేలా. మీద చెయ్యి వేస్తే అన్నం మూకుడులా కాలుతోంది. తియెన్‌ఫూ తను ఫ్యాన్ కింద చెమటలు కక్కుతూ పడుకుని, ఆ గదిలో ఏసీ పగలూ రాత్రీ వేశాడు. అరుపు తగ్గలేదు. ఒంట్లో వేడి చేస్తే ఏం చేస్తారో అదే చేశాడు ఆఖరికి. చల్లటి పెసల పాయసం చిన్న గిన్నెలో తెచ్చి దాని ముందు పెట్టాడు. నవ్వుతారని తెలుసు. నిండా మునిగినవాడికి చలేమిటి?

ఒకరోజు తెర రెండుసార్లు వణికింది. ఆయన వెంటనే బోయెన్‌కి ఫోన్ చేశాడు. "ఇప్పుడే రా అబ్బాయ్" అన్నాడు. అంత గట్టిగా ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు.

బోయెన్ మధ్యాహ్నానికి సంచీతో దిగాడు. హాల్లో వెదురు కుర్చీలో కూర్చున్న ముసలావిడ వాణ్ణి కిందికీ పైకీ చూసింది.

"పెళ్ళయిందా నీకు?"

బోయెన్ సంచీ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. పోయిన పిల్లకి బతికున్నవాడితో పేరుకి పెళ్ళి చేసే పద్ధతి ఒకటుందని, అలా చేస్తే వాడింటి పీఠం మీద ఆ పిల్లకి చోటు దొరుకుతుందని వాడికి తెలుసు. ముసలావిడ ఎందుకడుగుతోందో కూడా తెలుసు.

"వచ్చే నెల్లో నిశ్చితార్థం, నాయనమ్మగారూ."

"ఏం ముంచుకొచ్చిందిరా అంత తొందర?" అని మొహం తిప్పుకుంది.

పైకి వెళ్ళాక బోయెన్ పెసల గిన్నె చూసి నవ్వబోయాడు. తియెన్‌ఫూ మొహం చూసి మానేశాడు. మౌస్ పట్టుకుని ఏదో నొక్కితే, పెళ్ళికూతురి పక్కన తెర మూల ఒక అంకె కనిపించింది. తొంభై మూడు.

"ఇది ప్రాసెసర్ వేడి బాబాయ్. పనేమీ చెప్పకుండా ఊరికే కూర్చుంటేనే ఇంతుంది. నూరు ముట్టిందంటే కాలిపోకుండా తనంతట తనే ఆగిపోతుంది. ఇప్పుడు డిస్కులోకి ఎక్కించమంటే ఇంకా వేడెక్కుతుంది. ముందు చల్లార్చాలి."

"చల్లార్చు మరి."

"ఆపి చేస్తే చిటికెలో పని. ఫ్యాన్ విప్పి, తుడిచి, కింద వేడి లాగే కొత్త పేస్ట్ రాసి బిగించడమే. ఆపకుండా చెయ్యాలి. నడుస్తున్న బండికి టైరు మార్చమన్నట్టుంది." వాడు పెదవి కొరుక్కున్నాడు. "అప్పుడే డిస్కులోకి ఎక్కించనిచ్చుంటే ఎంత బావుండేది!"

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తియెన్‌ఫూకి ఎవరూ చెప్పనక్కర్లేదు. 

బోయెన్ పక్క రేకు విప్పాడు. ఇద్దరూ లోపలికి వంగి చూశారు. ప్రాసెసర్ మీద ఉండే ఫ్యాన్, దాని వెనక వరసగా పేర్చిన పల్చటి రేకులు, వాటి మధ్యలోంచి గాలి పోవాలి. గాలి పోయే సందే లేదు. బూడిద రంగులో, జిడ్డుగా, ఎలుక తోలు కప్పినట్టు మందంగా ఏదో పేరుకుపోయి ఉంది. బోయెన్ వేలితో కాస్త తీసి వాసన చూశాడు.

"ఇక్కడ అగరొత్తులు వెలిగిస్తారా?"

తియెన్‌ఫూ చెవులు ఎర్రబడ్డాయి. "ఒక్కటి. పొద్దున్నే. ఒక్కటంటే ఒక్కటే."

"ముందు పెడతారా? ఈ కన్నాల ముందు?"

"పొగ తిన్నగా లోపలికి పోతుంది. పిల్ల తీసుకుంటోందని..." ఆయన మాట అక్కడే ఆగిపోయింది, ఎందుకంటే చెబుతూ ఉండగానే ఆయనకి అర్థమైంది. లోపల ఫ్యాన్ ఉంది. బయటి గాలి లాక్కోవడమే దాని పని.

బోయెన్ కళ్ళు దించుకున్నాడు. "కొట్టు నుంచి కొవ్వు ఆవిరి కూడా పైకి వస్తుంది కదా బాబాయ్. రెండూ కలిసి బంక అయ్యాయి. అయినా ఒక్క వత్తికి ఇంత రాదు. ఇది చాలా ఎక్కువ."

"ఒట్టు. ఒక్కటే."

అప్పుడు గుమ్మంలో పళ్ళెం చప్పుడైంది. తియెన్‌ఫూ భార్య బీష్యా కోసిన జామకాయ ముక్కలు పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో.

"నేనూ పెడతాను" అంది. "మధ్యాహ్నం, నువ్వు పడుకున్నాక. గంధం వత్తులు. దానికి ఆ వాసన ఇష్టం."

"నాకు చెప్పలేదేం?"

"నువ్వు చెప్పావా?"

మొగుడూ పెళ్ళాం ఒకర్నొకరు చూసుకున్నారు. ఒకే గదిలోకి, ఒకే పిల్ల కోసం, ఒకరికి తెలియకుండా ఒకరు దొంగల్లా వచ్చిపోయారు ఇన్నాళ్ళూ. తియెన్‌ఫూకి కోపం రాలేదు. ఆ క్షణంలో ఆమెని పట్టుకుని ఏడవాలనిపించింది, కానీ పరాయి కుర్రాడున్నాడు.

బోయెన్ నేల మీద పడుకుని డబ్బా వెనక్కి చెయ్యి పెట్టి తీగలు సర్దుతున్నాడు. చేతికి కొన్ని వత్తుల మొదళ్ళు తగిలితే బయటికి తీసి నేల మీద పెట్టాడు. లావుపాటి ఎర్ర పుల్లలు, అడుగున బంగారు కాగితం చుట్టినవి. తియెన్‌ఫూ కొనేవి కావు, బీష్యావీ కావు. అవి కింద పీఠం సొరుగులో ఉంటాయి. ఆ సొరుగు తాళం ఒక్కరి మొలకే వేలాడుతుంది.

"అమ్మ మేడెక్కలేదు కదా" అన్నాడు తియెన్‌ఫూ నెమ్మదిగా. "మోకాళ్ళు పనిచేయవంటుంది. కొత్త సంవత్సరానికి కూడా ఎక్కలేదు."

"ఎక్కానురా. అయితే ఏం?"

మెట్ల మీంచి వచ్చింది ఆ గొంతు. ముసలావిడ కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టుకీ ఆగుతూ, రొప్పుతూ పైకి వస్తోంది. బీష్యా పరిగెత్తి చెయ్యి అందించింది. ఆవిడ విదిలించుకుంది.

"మీరు కొట్లో ఉన్నప్పుడు ఎక్కాను. ఏం, అది మీ ఇద్దరి కూతురేనా, నా మనవరాలు కాదా?"

"నువ్వే కదమ్మా కూడదన్నావు!" తియెన్‌ఫూ గొంతు మొదటిసారి లేచింది.

"పీఠం మీద కూడదన్నాను. కంప్యూటర్ దగ్గర కూడదని ఏ పెద్దలు చెప్పారు?" ఆవిడ మంచం అంచున కూలబడి తెర మీది పెళ్ళికూతురిని చూసింది. "పొగ చక్కగా తీసుకునేది. బతికుండగా నా వంట ఎన్నడూ అంత ఇష్టంగా తినలేదు ముండ."

ఎవరికీ నవ్వు రాలేదు. పొగ తీసుకున్నది పిల్ల కాదు, లోపలి ఫ్యాన్ అని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. బోయెన్ మాత్రం నోరు తెరవబోయి, బీష్యా చూసిన చూపుకి మూసుకున్నాడు.

ఇక పని మొదలైంది. కింద కొట్లోని పెద్ద ఫ్యాన్ తెచ్చి తెరిచిన డబ్బా వైపు తిప్పారు. బోయెన్ మెత్తటి కుంచెతో, ఊపిరి బిగబట్టి, రేకుల అంచుల నుంచి ఆ బంకని కొంచెం కొంచెంగా లాగాడు. బీష్యా కింద కాగితం పట్టింది. కాగితం నిండింది, ఇంకోటి తెచ్చింది. అంకె తగ్గుతోంది. ఎనభై ఎనిమిది. ఎనభై నాలుగు. డెబ్బై తొమ్మిది. ముసలావిడకి అంకెలేమిటో తెలియకపోయినా తగ్గడం మంచిదని తెలిసింది. జ్వరపడ్డ పిల్ల పక్కన కూర్చున్నట్టు, "తగ్గుతోంది, తగ్గుతోంది" అని గొణుక్కుంటూ తన తాటాకు విసనకర్రతో డబ్బాకి విసురుతోంది.

"ఇప్పుడు ఎక్కించొచ్చు" అన్నాడు బోయెన్. తను తెచ్చిన డిస్కు తగిలించాడు. తెర మీద ఆకుపచ్చ గీత ఒకటి పుట్టి, పాకడం మొదలుపెట్టింది.

"ఆ గీత చివరికి వస్తే?"

"అంతా మనకి వచ్చేసినట్టే బాబాయ్."

నలుగురూ ఆ గీతనే చూస్తూ కూర్చున్నారు. మొన్నటిదాకా లోపలిది తీయనివ్వని మనిషి, ఇప్పుడు త్వరగా రా, త్వరగా రా అని లోపల్లోపల బతిమాలుతున్నాడు. వినాలి. కూతురి గొంతు ఒక్కసారి వింటే చాలు, తర్వాత ఆపేసినా ఫరవాలేదు. ఆ సంగతి తనకే ఆశ్చర్యంగా ఉంది. గీత సగం దాటింది. అంకె మెల్లగా ఎక్కుతోంది గానీ బోయెన్ మధ్యలో ఆపి, చల్లారాక మళ్ళీ నడిపిస్తున్నాడు.

లోపల, రేకుల అడుగున, కుంచెకి అందని చోట ఒక ముద్ద మిగిలిపోయింది. వేడికి అది మెత్తబడిందో, పెద్ద ఫ్యాన్ గాలికి కదిలిందో. తడిసిన దూదిలాంటి ఆ ముద్ద ఊడి తిరిగే రెక్కల మధ్య పడింది. రెక్కలు కిర్రుమని ఆగిపోయాయి.

"అయ్యో!" బోయెన్ కుంచె పిడితో పొడిచాడు. ముద్ద జారింది, మళ్ళీ పడింది. తొంభై ఐదు. ఆకుపచ్చ గీతని ఆపడానికి మౌస్ మీదకి దూకాడు. తొంభై ఎనిమిది. "విసరండి, విసరండి!" అంటోంది ముసలావిడ ఎవరినో. తియెన్‌ఫూ రెండు చేతుల్తో ఏం చేయాలో తెలియక ఆ చేతుల్ని డబ్బా మీద పెట్టాడు.

తెర నల్లబడింది.

అరుపు ఆగిపోయింది. ఇన్ని నెలలుగా పగలూ రాత్రీ ఆ గదిలో ఏదో ఒక శబ్దం ఉండేది. మొదటిసారి ఏమీ లేదు. కింద వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయడం స్పష్టంగా వినిపించింది.

బోయెన్ ఫ్యాన్ శుభ్రం చేసి, కాసేపాగి, మళ్ళీ మీట నొక్కాడు. కంప్యూటర్ హాయిగా, చల్లగా, చప్పుడు లేకుండా లేచింది. యున్‌రూ పేరు చూపించింది. పేరు కింద ఖాళీ గడి పెట్టి పాస్‌వర్డ్ అడిగింది. వాడు వెంటనే తన ల్యాప్‌టాప్‌కి డిస్కు తగిలించి, వచ్చినంత వరకు ఏం వచ్చిందో వెతికాడు. వెతుకుతున్నకొద్దీ వాడి భుజాలు కిందికి జారాయి.

"చెప్పు" అంది బీష్యా.

"పని ఫోల్డర్లు ముందు వచ్చాయి పిన్నీ. సొంతవి చివర్లో ఉన్నాయి. వీటిలో... అన్నీ పెళ్ళిళ్ళే."

ఒకటి తెరిచాడు. ఎవరో అమ్మాయి తెల్ల గౌనులో నవ్వుతోంది. ఇంకోటి తెరిచాడు. ఇంకెవరో అమ్మాయి, తల్లి ముందు మోకరిల్లి. ఇంకోటి. తియెన్‌ఫూ ప్రతి మొహమూ చూశాడు. ఏదో ఒక దాంట్లో, వెనక వరసలోనైనా, కెమెరా పట్టుకుని అద్దంలోనైనా ఉంటుందేమోనని చూశాడు. ఊళ్ళో ఆడపిల్లలందరికీ పెళ్ళిళ్ళయ్యాయి. తన కూతురు ఎక్కడా లేదు.

"నా వల్లే" అన్నాడు. "మొదలెట్టింది నేను. అప్పుడే తీసుకోనిచ్చినా..."

"నావి గంధం వత్తులు" అంది బీష్యా. "పొగ ఎక్కువ. నేనే ముంచాను."

"ఊరుకోండి ఇద్దరూ" అంది ముసలావిడ. ఏం జరిగిందో ఎవరూ చెప్పకుండానే ఆవిడకి తెలిసిపోయింది. విసనకర్ర ఒళ్ళో పెట్టుకుని, ఇన్నాళ్ళూ పొగ లాక్కున్న ఆ కన్నాల వైపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత లేచింది. "పద, దింపు నన్ను."

కొడుకు చెయ్యి పట్టుకుని ఆవిడ మెట్లు దిగింది. తిన్నగా హాల్లోకి, పీఠం ముందుకి నడిచింది. పెద్దల పేర్లు చెక్కిన పలక ముందు ఎర్ర దీపాలు వెలుగుతున్నాయి. సొరుగు తీసి అర్ధచంద్రాకారంలో ఉన్న రెండు చెక్క ముక్కలు చేతిలోకి తీసుకుంది. పెద్దల్ని ఏదైనా అడగాలంటే వాటినే వేస్తారు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే సరేనన్నట్టు. రెండూ ఒకేలా పడితే కాదన్నట్టు. పిల్ల పోయినప్పుడు ఆవిడ అడగనే లేదు. రివాజు తెలిసిందే, అడిగేదేముంది అనుకుంది.

"మన యున్‌రూ" అంది పలకతో. "తియెన్‌ఫూ కూతురు. దానికి ఉండడానికి చోటు లేదు. ఇక్కడ పెట్టుకుంటాను." ముక్కలు విసిరింది.

రెండూ బోర్లా పడ్డాయి.

ఏరి, నుదుటికి ఆనించి, మళ్ళీ వేసింది. మళ్ళీ బోర్లా. బీష్యా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మూడోసారి వేసినప్పుడు ఒకటి గుండ్రంగా తిరిగి, తిరిగి, మొదటిదాని పక్కనే బోర్లా పడింది.

ముసలావిడ పలక వైపు తలెత్తింది. ఆ మొహం అంత ఎర్రబడగా తియెన్‌ఫూ ఎప్పుడూ చూడలేదు.

"పెళ్ళయి వచ్చిన నాటి నుంచి మీకు వండి పెట్టాను. ఒళ్ళు కాలుతున్నా పెట్టాను, పురుడొచ్చిన నెలలోనూ పెట్టించాను. ఒక్కనాడు ఒక్కటి అడిగానా?" పెనిమిటి పేరున్న చోటికి వేలు చూపించింది. "నీకు బుద్ధి లేదూ? దాన్ని భుజాన ఎక్కించుకుని బజారంతా తిప్పావు. ఇప్పుడు ఎవరో అన్నట్టు పడుకున్నావా?"

 ఆవిడ మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ, నేలకి వంగింది. బతుకులో పీఠం దగ్గర ఒక్క పొరపాటు చేయని మనిషి, వేలు చాచి ఒక చెక్క ముక్కని వెల్లకిలా తిప్పింది.

"చూశారుగా" అంది కొడుకు వైపు తిరగకుండా. "ఒప్పుకున్నారు."

తియెన్‌ఫూ చూశాడు. బీష్యా చూసింది. మెట్ల దగ్గర నిలబడ్డ బోయెన్ కూడా చూశాడు.

"ఒప్పుకున్నారమ్మా" అన్నాడు తియెన్‌ఫూ.

"అయితే జరగండి" అంది ముసలావిడ పలకతో.  "కాస్త జరిగి కూర్చోండి. పిల్లకి చోటివ్వండి."

తియెన్‌ఫూ తల్లి పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కూతురు పోయిన నాటి నుంచి పట్టి ఉంచిన ఏడుపు ఇప్పుడు పెద్దగా, వీధికి వినపడేలా వచ్చింది. కొట్టు ముందు అన్నం కోసం వచ్చినవాళ్ళు లోపలికి తొంగి చూసి, ఏమీ అడగకుండా అలాగే నిలబడిపోయారు.